మిశ్రబంధమున విప్లవకారుఁడు: ‘కెల్టుని కల’ నవలయందలి చరిత్రకల్పనముల పొత్తు

వసుచరిత్రకర్త రామరాజభూషణుఁడు కావ్యకథలను మూఁడు తెఱఁగుల రత్నములతోఁ బోల్చెను. కేవలకల్పితములు మనుష్యుఁడు చేసిన రాళ్లు. పూర్వకథలు గనిలోఁ బుట్టినవి పుట్టినట్లున్న రాళ్లు. రెండును గలసిన మిశ్రబంధములు సానపట్టిన జాతిరాళ్లు. ఈ పోలిక తెలుఁగు పండితుల కందఱకు నెఱుకయే. అయినను, సానపట్టువాఁడు రాతి నెంత యరగఁదీయవచ్చును, ఎంత యరగఁదీసినచో నది వేఱు రాయి యగును అను ప్రశ్నకు భట్టుమూర్తి యుత్తర మీయలేదు. వసురాజు గిరికల కథకు నా ప్రశ్నతో నంత పనియు లేదు. వసురాజు కీర్తిపై నెవ్వరును వ్యాజ్యెము వేసియుండలేదు. నిన్నమొన్న జీవించి, యొకరికి ద్రోహియు నొకరికి వీరుఁడునై యురికంబ మెక్కిన మనుష్యునిఁ గూర్చి నవల వ్రాయునపుడు మాత్ర మా ప్రశ్నయే ప్రధానమగును.

అట్టి నవల నొకదానిఁ దీసికొని, అందుఁ జరిత్రము కల్పనముతో నెట్లు గలిసినదో, ఆ కలయిక యెచ్చటఁ బొసఁగినదో, ఎచ్చటఁ బొసఁగలేదో యీ వ్యాసమున వివరింపఁ బూనితిని. నవల పేరు ‘కెల్టుని కల’. రచయిత పెరూదేశీయుఁడగు మారియో వర్గాస్ యోసా. స్పానిషు భాషలో 2010వ సంవత్సరమున, ఆయనకు నోబెల్ బహుమానము ప్రకటింపఁబడిన కొలఁది వారములకే, వెలువడినది. ఎడిత్ గ్రాస్‌మన్ గావించిన యాంగ్లానువాదము 2012లో వచ్చినది. నేను జదివినది దానినే. స్పానిషు నాకు రాదు. కావున శైలినిఁ గూర్చి తీర్పు చెప్పను, ఇతివృత్తమునుఁ గూర్చియే నా మాటలు. కథానాయకుఁడు ఐర్లండు విప్లవకారుఁడైన రోజర్ కేస్‌మెంటు. నవల పేరును ఆతఁడు వ్రాసిన యొక పద్యకృతి పేరే.

మన యాలంకారికుల మాటలు ముందు. ధనంజయుఁడు దశరూపకమున నితివృత్తమును బ్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము నని మూఁడుగా విభజించెను. ఇతిహాసాదులనుండి వచ్చినది ప్రఖ్యాతము. కవి పుట్టించినది యుత్పాద్యము. రెండిటి కూడిక మిశ్రము. అమరసింహుఁడు ఆఖ్యాయికకుఁ దెలియవచ్చిన యర్థమును, కథకుఁ గల్పనమును లక్షణములుగాఁ జెప్పెను. భామహుఁ డీ రెండిటిని వేఱుపఱుపఁగా, దండి యవి యొక్క జాతికే రెండు పేళ్లనెను. దండి మాట లక్షణవిషయమున సరియే కావచ్చును గాని చదువరి విషయమున సరికాదు. ఆఖ్యాయిక యని చేతికిచ్చిన గ్రంథమును జదువరి నమ్మును. కథ యని యిచ్చినదానిని రుచిచూచును. నేఁటి జీవితకథానవల యీ రెండు భావములను నొక్కమాఱే కోరుచున్నది. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ప్రఖ్యాతేతివృత్తమును మార్చుటకుఁ గవి కధికార మున్నదా? ఉన్నదనియే శాస్త్రము. రసమునకుఁ బొసఁగని భాగము పూర్వకథయందున్నను దానిని విడిచి వేఱొకటి కల్పించుకొనవచ్చు నని యానందవర్ధనుని మతము. జరిగినది జరిగినట్లు చెప్పు పని యితిహాసము చేయనే చేయుచున్నది గదా యని యాతని తాత్పర్యము. ధనంజయుఁడు మఱింత స్పష్టముగా, నాయకునకుఁ దగనిది గాని రసమునకు విరుద్ధమైనది గాని యున్నచో దానిని విడువవలెను, లేదా మఱియొక విధమునఁ గల్పింపవలె నని రెండు దారులు చూపెను. వ్యాఖ్యాతయగు ధనికుఁ డిచ్చిన యుదాహరణములు మిక్కిలి యుపయోగకరములు. శ్రీరాముఁడు చాటునుండి వాలిని జంపుట నాయకోచితముగాఁ దోఁపలేదు. మాయురాజు తన యుదాత్తరాఘవమున నా కపటవధనే విడిచెను. భవభూతి మహావీరచరితమున విడువలేదు; వాలి రావణునితోడి మైత్రిచే రాముని జంపవచ్చి తానే చచ్చినట్లు కల్పించెను. అనఁగాఁ గార్యము నిలిచినది, కారణము మాఱినది. ఈ రెండు దారులను జదువరులు మనసున నుంచుకొనవలెను. కేస్‌మెంటు కథలోఁ గూడ నివియే మరలఁ గానవచ్చును.

కేస్‌మెంటు 1864లో డబ్లినునకు సమీపమున శాండీకోవ్‌లోఁ బుట్టెను. యౌవనముననే ఆఫ్రికాకుఁ బోయి, పిమ్మట బ్రిటిషు ప్రభుత్వమువారి కాన్సలు ఉద్యోగమునఁ బ్రవేశించెను. నాఁడు కాంగోదేశము బెల్జియము రాజగు రెండవ లియోపోల్డుకు సొంత యాస్తివలె నుండెను. నియమించినంత రబ్బరు తేని పల్లెలవారిని నీటిగుఱ్ఱపు తోలుకొరడాలతోఁ గొట్టుట, వారి స్త్రీలను బందీలుగాఁ బట్టుట, చేతులు నఱకుట మొదలగువానిని 1903లో నెగువ కాంగోలోఁ దిరిగి విచారించి యాతఁడు వ్రాసిన నివేదిక 1904లోఁ బ్రకటింపఁబడినది. 1908లో నా దేశము రాజు చేతినుండి బెల్జియము ప్రభుత్వమునకు మాఱుటకు నది యొక ముఖ్యకారణము. 1910లో నాతఁడు అమెజాను నదీప్రాంతమునందలి పుటుమాయోకుఁ బోయి, హూలియో సేసర్ అరానా యను వర్తకుని రబ్బరు కంపెనీ యచ్చటి యాదిమజాతులవారిని బెట్టిన హింసలను విచారించెను. ఆ కంపెనీ లండనులో నమోదైనది. దాని కొలువున బార్బడోసు ద్వీపవాసులగు బ్రిటిషు ప్రజలుండిరి. బ్రిటిషు ప్రభుత్వమునకు విచారణాధికార మందుచేతఁ గలిగినది. 1911లో ‘సర్’ బిరుదము వచ్చినది. 1913లో నుద్యోగము వదలెను.

పరదేశముల దాస్యమును జూచిన కన్నులకు స్వదేశపు స్థితియు నట్లే కనఁబడుట యాతని జీవితమున గొప్ప మలుపు. మహాయుద్ధ మారంభమైన 1914లో నాతఁడు జర్మనీకిఁ బోయి, అచ్చట యుద్ధఖైదీలైన ఐరిషు సైనికులతో నొక దళమును గూర్పఁ బ్రయత్నించెను. చేరినవా రఱువదిమందికి లోపే. ఇరువదివేల తుపాకులతో ఐర్లండు తీరమునకు వచ్చిన జర్మను ఓడ బ్రిటిషువారికిఁ జిక్కినది. 1916 ఏప్రిలు 21వ తేది, గుడ్‌ఫ్రైడే నాఁడు, జలాంతర్గామినుండి దిగి బన్నా తీరమునఁ గాలుమోపిన కేస్‌మెంటు కొన్ని గంటలలోనే పట్టుపడెను. మూఁడు దినముల పిమ్మట డబ్లినులోఁ దిరుగుబాటు లేచినది. ఆగస్టు 3వ తేదిని లండనులోని పెంటన్‌విల్ కారాగారమున నాతని నురిదీసిరి.

వైయాకరణుల కిచ్చట నొక మాట చెప్పకుండ నుండలేను. ఆతనిపైఁ బ్రయోగింపఁబడిన రాజద్రోహశాసనము 1351వ సంవత్సరపుది. నార్మను ఫ్రెంచి భాషలోనిది. రాజ్యమునందు రాజశత్రువులతోఁ జేరుటయు, వారికి రాజ్యమునందు సాహాయ్య మొసఁగుటయు నని చెప్పి, చివర ‘లేక వేఱొకచోట’ అను నర్థము గల మాట యందున్నది. కేస్‌మెంటు చేసినదంతయు జర్మనీలోఁ గదా. ‘వేఱొకచోట’ అనునది దగ్గఱనున్న సాహాయ్యమునకు మాత్రమే యన్వయించునా, దూరమందున్న చేరుటకుఁ గూడ నన్వయించునా యని వాదము సాగినది. మూలపత్రమున విరామచిహ్న మెచ్చట నున్నదో న్యాయమూర్తులు పరీక్షించిరి. దూరాన్వయమే గెలిచినది. ఆతఁ డొక విరామచిహ్నముచే నురికంబ మెక్కెనని నేఁటికిని జెప్పుకొందురు. సమాసవిగ్రహములయందు మనము చేయు తగవులు ప్రాణాంతకములు గాకపోవుట మన యదృష్టము.

విచారణకాలముననే మఱియొకటి జరిగినది. కేస్‌మెంటువని చెప్పిన కొన్ని దినచర్యపుస్తకములు ప్రభుత్వమువారి చేఁజిక్కినవి. వానినుండి టైపు చేయించిన భాగములను వారు పత్రికలవారికిని, మతాచార్యులకును, అమెరికా రాయబారికిని రహస్యముగాఁ జూపిరి. అందుఁ బురుషులతోడి కామసంబంధములు వివరముగా వ్రాయఁబడియున్నవి. నాఁటి చట్టమున నది నేరము. నాఁటి సమాజమునఁ జావుకంటె నధికమైన యపకీర్తి. క్షమాభిక్షకై సంతకములు చేయఁదలఁచినవారిలోఁ గొందఱు వెనుకాడిరి. ఆ పుస్తకములు 1959 వఱకును బరిశోధకులకుఁ జూపఁబడలేదు. 1936లో మలోనీ యను నాతఁ డవి కూటరచన లని గ్రంథము వ్రాసెను. మహాకవి యేట్సు దానిని జదివి యాగ్రహముతోఁ బద్యములు రచించెను. 2002లో వ్రాఁతపరీక్షచేసినవా రవి కేస్‌మెంటు చేతివ్రాఁతయే యని తేల్చిరి. నేఁడు చరిత్రకారులలోఁ బెక్కురు దాని నంగీకరించుచున్నారు; అంగీకరింపనివారును గలరు. ఇంకొక చిత్ర మేమనఁగా, 1910వ సంవత్సరమున నొకే దినములకు రెండు దినచర్యలున్నవి. ఒకటి పుటుమాయో విచారణకు సంబంధించినది, విస్తారమైనది. రెండవది యీ గుప్తవిషయములు గలది. ఒక మనుష్యుఁడు తన దినములనే రెండు విధముల వ్రాసికొనియుండఁగా, వానిఁ గూర్చి వ్రాయువాఁడు దేనిని మూలముగాఁ గొనవలెను?

వర్గాస్ యోసా నవలను దీర్పు తరువాత, చెఱసాల గదిలో నారంభించును. క్షమాభిక్ష వచ్చునో రాదో యని యెదురుచూచుచున్న ఖైదీకడకు న్యాయవాది సహాయకుఁడు వచ్చి దినచర్యల సంగతి చెప్పును. అటుపిమ్మట నొక యధ్యాయము చెఱసాల, ఒక యధ్యాయము గతజీవితము. ఇట్లు కాంగో, అమెజాను, ఐర్లండు అను మూఁడు భాగములుగాఁ గథ నడచి యురికంబముకడ ముగియును. చివర రచయిత తన గొంతుతో మాటలాడు నుపసంహార మొకటి కలదు. ఈ కూర్పులోనే కల్పనమునకుఁ దావు దొరకినది. గతజీవితమునకు నివేదికలు, లేఖలు, దినచర్యలు నాధారములు. చెఱసాలలోని కడపటి దినములయం దాతని మనసులో నేమి మెదలినదో చెప్పు పత్రములు తక్కువ. పత్రములున్నచోట నవల వానిని వెంబడించును. లేనిచోటఁ గవి తన పని తాను జేసెను.

అట్లు పుట్టిన పాత్రలలో మేలయినది చెఱసాల యధికారి. మొదట నతఁడు ఖైదీతో మాటలాడుటకే యసహ్యించుకొనును. ఆతని కొడుకు ఫ్రాన్సుదేశపు యుద్ధభూమిలోఁ జచ్చెను. ఆ కొడుకును జంపిన జర్మనులతోఁ జేతులు గలిపినవాఁ డిప్పుడు తన కావలిలో నున్నాఁడు. వారిరువుర నడుమఁ గొంచెము కొంచెముగఁ బొడసూపు మాటలలో ద్వేషము శోకముగా మాఱుట యీ నవలలోని యుత్తమఘట్టము. చరిత్రకారుఁడు ‘జర్మనీతోఁ జేరుటచే నాంగ్లేయులకుఁ గేస్‌మెంటుపై రోష మధికమాయెను’ అని యొక వాక్యమున వ్రాసి పోవును. ఆ వాక్యమునకు నవలాకారుఁ డొక తండ్రినిఁ గల్పించెను. ఇందుఁ బ్రఖ్యాతమైన దేదియు మాఱలేదు. తీర్పు మాఱలేదు, తేది మాఱలేదు, ఉరియు నాఁగలేదు. అయినను విప్లవకారుని యెదుట సామ్రాజ్యమునకు బదులొక కొడుకు చచ్చిన తండ్రి నిలువఁగా, నాయకుఁడు చేసిన పని వెల యెంతయో మనకుఁ దెలియవచ్చినది. ఉత్పాద్యము ప్రఖ్యాతమునకు సేవచేయుట యనఁగా నిదియే.

తిరుగుబాటును గూర్చిన భాగమునఁ గూడ నీ గుణమే కలదు. జనశ్రుతిలోఁ గేస్‌మెంటు తిరుగుబాటు నడపుటకు వచ్చిన వీరుఁడు. చరిత్రమునఁ, దగినంత జర్మను సాహాయ్యము రాదని తెలిసికొని, దానిని మాన్పింపవలెనని వచ్చినవాఁడు. జోసెఫ్ ప్లంకెట్టు 1915లో జర్మనీకిఁ బోయి యాతనితోఁ గలిసి పనిచేసిన మాట నిజము. నవలలో వారిరువురును వాదించుకొందురు: ఓడిపోయినను రక్తార్పణమే జాతిని మేల్కొల్పు నని ప్లంకెట్టు, సేనలు లేనిది యాత్మహత్య యని కేస్‌మెంటు. మాటలు కవివి, భేదము చరిత్రములోనిది. ప్లంకెట్టు 1916 మే 4వ తేదిని గాల్చి చంపఁబడెను. విప్లవకారునకు విప్లవముపై సందియ ముండెనని చూపుట పూజకులకు రుచింపదు గాని, యాతని గొప్పతన మచ్చటనే యున్నదని నాకుఁ దోఁచుచున్నది. వలదన్న పనికే ప్రాణమిచ్చెను గదా.

కాంగో, అమెజాను భాగములను గూర్చి యంతటి మెప్పు చెప్పలేను. ఊరి పేరు, నేరస్థుని పేరు, హింసావిధానము, సాక్షి మాట. మరల నూరి పేరు. రచయిత పరిశ్రమ శ్లాఘ్యమే. రబ్బరు క్రౌర్యములలో సగము తన దేశమునందే జరిగినవగుటచే నాతని యావేదనయు నర్థమగుచున్నది. అయినను గొన్నిచోట్ల నవలను మూసి నివేదికనే చదివిన మేలుగదా యనిపించినది. దీనికిఁ గాన్రాడు ప్రసంగ మపవాదము. నవలాకారుఁడగు జోసెఫ్ కాన్రాడు 1890లోఁ గాంగోలోఁ గేస్‌మెంటునుఁ గలిసికొనెను. ఇరువదాఱేండ్ల తరువాత క్షమాభిక్షపత్రముపై సంతకము చేయలేదు. రెండును జరిగినవే. చెఱసాలలో ఖైదీ చరిత్రకారిణియైన ఆలిస్ స్టాప్‌ఫోర్డ్ గ్రీనుతోఁ గాన్రాడునుఁ గూర్చి ముచ్చటించు ఘట్టము కల్పితము. ఆ కల్పితములో రెండు శుష్కవిషయముల నడుమ నున్న స్నేహభంగము కనఁబడినది.

ఇంక దినచర్యలు. విప్లవకారుని యభిమానులు పోయిన దారి మాయురాజుది: నాయకునకుఁ దగనిదానిని గూటరచన యని కథనుండి తొలఁగించిరి. వారి దేశమునకు నాఁడొక యమరవీరుఁడు కావలసియుండెను. అమరవీరునకు దేహవాంఛ లుండరాదు. ప్రభుత్వమువారు చేసినదియు నొకవిధమగు కావ్యరచనయే. ఇతివృత్తమునుండి కాంగోను బుటుమాయోను దీసివేసి, దినచర్య నొక్కదానిని మిగిల్చి, నాయకునిఁ బ్రతినాయకునిఁ గావించిరి. వర్గాస్ యోసా భవభూతి దారిఁ బట్టెను. దినచర్యలు కేస్‌మెంటువే, కాని యందున్నదంతయు జరిగినది గాదు, జరుగవలెనని కోరి, జరుగకపోఁగా నొంటరితనమున వ్రాసికొన్న యూహ లందుఁ జాలఁ గలవు అని యాతఁడు నిర్ణయించెను. కార్యము నిలిచినది, కారణము మాఱినది.

ఈ నిర్ణయమునఁ జమత్కార మున్నది. వ్రాఁతపరీక్షను ద్రోసివేయలేదు, నాయకుని విడువలేదు. తాను గల్పనాకారుఁ డగుటచే నాయకునిలోఁ గూడ నొక కల్పనాకారునిఁ జూచెను. అయినను నాకు సమ్మతము గాదు. భవభూతి నాటకము చూచువానికి వాల్మీకి నోట నున్నాఁడు. కవి యెచ్చట మార్చెనో యాతనికిఁ దెలియును. ఆ తెలివియే యాతని యానందములో సగము. కేస్‌మెంటు విషయమున వాల్మీకి యేఁడి? లిమాలోనో రాజమహేంద్రవరములోనో యీ నవలను జదువువారిలో నా దినచర్యలను గన్నులఁ జూచినవాఁ డెవ్వఁడు? వానికి నవలయే మూలము. మార్చిన కారణమే జరిగిన కారణము. శాస్త్రము కవి కిచ్చిన స్వాతంత్ర్యము, పూర్వకథ శ్రోతకుఁ దెలిసియుండు నను నమ్మకముపై నిలిచినది. శాస్త్రకారు లా నమ్మకమును నోటఁ జెప్పలేదు. వారి కాలమునఁ జెప్ప నక్కఱ లేకుండెను.

రెండవ యాక్షేపము బరువైనది. పురుషుఁడు పురుషునిఁ గోరుటయే దోషమని 1916నాఁటివా రనుకొనిరి. ఐర్లండు 1993లోను, మన సుప్రీంకోర్టు 2018లోను నా నేరమును గొట్టివేసినవి. కాఁబట్టి కోరికను గప్పిపుచ్చ నేఁడు పనిలేదు. దినచర్యలలో నింకొక ప్రశ్న కలదు: అందుఁ గనఁబడువారిలోఁ గొందఱు పేదలు, పరాధీనదేశములవారు, వయసునఁ జిన్నవారు, డబ్బు పుచ్చుకొన్నవారు. పరుల దేహములను రబ్బరునకై నలిపినవారిని లోకమున నిలఁబెట్టి యడిగిన మనుష్యుఁడే యిట్లు చేసెనా? ఇది చరిత్రకారుఁ డడుగవలసిన ప్రశ్న, నవలాకారుఁడు మఱింత లోఁతుగ నడుగవలసిన ప్రశ్న. పెక్కు లూహలే యనఁగానే యా ప్రశ్న బలము సగము పోయినది. చాటునుండి కొట్టవచ్చునా యనుటయే వాలివధయందలి ధర్మసంకటము. భవభూతి మార్పుతో సంకటమే మిగులలేదు. రామాయణమున నది వాల్మీకియందు భద్రముగా నున్నది గాన నష్టము లేదు. ఇచ్చటనో?

వర్గాస్ యోసాకు న్యాయము చేయవలెను. ఉపసంహారమున నాతఁడు తెర తొలఁగించి, దినచర్యలనుఁ గూర్చి యిది నవలాకారునిగాఁ దన యభిప్రాయ మని సొంత నోట చెప్పినాఁడు. అట్టి గుర్తు పెట్టని జీవితకథానవల లనేకములు కలవు. నేను విద్యార్థుల కీ నవల చెప్పవలసివచ్చినచో నుపసంహారమునే మొదటఁ జదివింతును.

మఱియొక దారి రష్యాకవి పుష్కిను ద్రొక్కినది. 1773 మొదలు 1775 వఱకు జరిగిన పుగచోవు తిరుగుబాటునుఁ గూర్చి యాతఁడు 1833లోఁ గజాను, ఒరెన్‌బుర్గు ప్రాంతములకుఁ బోయి, ముసలివారి నడిగి, పత్రములు చూచి, 1834లోఁ జరిత్రగ్రంథమును వెలువరించెను. ‘పుగచోవు చరిత్రము’ అని యాతఁడు పెట్టిన పేరును, అట్టి నేరస్థునకుఁ జరిత్ర మెక్కడిదని, నికోలాసు చక్రవర్తి ‘పుగచోవు తిరుగుబాటు చరిత్రము’ అని మార్పించెను. 1836లో నదే విషయముపై ‘కాప్టెను కూఁతురు’ అను నవల వచ్చినది. అందుఁ గథ చెప్పువాఁడు గ్రిన్యోవు అను కల్పిత యువకుఁడు. మంచుగాలిలో దారిచూపిన బాటసారి కాతఁడు కుందేటి తోలుకోటు నిచ్చుట, ఆ బాటసారియే పుగచోవై కోటను బట్టిననాఁ డాతని ప్రాణము గాచుట కల్పనము. కోటలు పడుట, ఉరికంబములు లేచుట చరిత్రము. పుగచోవు మనసులోనికిఁ గవి చొరఁబడలేదు. గ్రంథములు రెండుగ నుండుటచే వాల్మీకియు భవభూతియు నొక్క చేతినుండియే చదువరికి దొరకిరి. వర్గాస్ యోసా నాయకుని లోపలికిఁ బోయెను. జీవితకథానవల లక్షణమే యది. లోపలికిఁ బోయినవాఁడు నాకుఁ దెలియ దని చెప్పలేఁడు.

తెలుఁగున సాహు, అల్లం రాజయ్యలు రచించిన ‘కొమురం భీం’ నవలకుఁ గష్టము వేఱు. 1940లో జోడేఘాటుకడఁ జంపఁబడిన యా గోండువీరునిఁ గూర్చి తెలియవచ్చున దధికముగా గోండుల జ్ఞాపకములవలన. అచ్చట రచయితలకు నింపవలసిన ఖాళీ లెక్కువ. కేస్‌మెంటు విషయమున నేరుకొనవలసిన కాగితము లెక్కువ. ఖాళీని నింపుటకంటె నున్న కాగితమునకు సమాధానము చెప్పుటయే కష్టమని నా తలంపు.

పెంటన్‌విల్ యావరణమునఁ బూడ్చిన కేస్‌మెంటు అస్థులు 1965లో ఐర్లండునకుఁ జేరినవి. డబ్లినులోని గ్లాస్‌నెవిన్ శ్మశానమున రాజలాంఛనములతో సమాధి చేసిరి. వృద్ధుఁడగు అధ్యక్షుఁడు డి వలేరా దగ్గఱ నుండెను. కేస్‌మెంటు కోరినది ఆంట్రిమ్ తీరమునందలి మర్లో అఖాతముకడ. ఆ తీరము ఉత్తర ఐర్లండులోనిది. అచ్చటఁ బూడ్చరా దను నియమముతోనే బ్రిటిషు ప్రభుత్వ మస్థుల నప్పగించినది. సమాధి యిప్పటికిని గ్లాస్‌నెవిన్‌లోనే యున్నది.